నల్లపూసల కింద నల్లమచ్చ

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను.

నా నల్లపూసల గొలుసు వన్ గ్రామ్ గోల్డ్‌ది. ఒక వేసవిలో మెడ వెనక, సరిగ్గా కొక్కెం ఆనే చోట దురద మొదలైంది. చెమటేలే అనుకున్నాను. నిద్రలో కూడా గోకేదాన్ని. నెల తిరిగేసరికి ఎరుపు పోయి అరచెయ్యంత నలుపు మిగిలింది. "మెడ తోముకోవేమే?" అని పక్కింటి పిన్ని నవ్వుతూనే అంది. ఆ మాటకి రోషం వచ్చి పీచుతో రుద్దాను. రుద్దితే ఇంకా నల్లబడింది. అత్తయ్య నిమ్మచెక్క రాయమంది. రాసుకుని మిట్టమధ్యాహ్నం డాబా మీద వడియాలు పెట్టాను! నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టయి కొత్త మచ్చ పడుతుందని అప్పుడు నాకేం తెలుసు.

తర్వాత మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. పది రోజుల్లో మెడ తేటపడింది. ఆనందంగా మూడు నెలలు రాశాను. మానేసిన రెండు వారాలకి మంట, ఎరుపు, సన్నటి ఎర్ర గీతలు, వాటి మధ్య మునుపటికంటే చిక్కటి నలుపు. అందులో స్టెరాయిడ్ ఉందట. 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ట్యూబు మీదున్న చిన్న అక్షరాలు నేనూ చదవలేదు, తప్పు నాదీ ఉంది.

చివరికి తెల్లవారుజామున బస్సెక్కి బరంపురం వెళ్లాను. వాడినవన్నీ సంచిలో పట్టుకెళ్లాను. డాక్టరమ్మ అవి ఒక్కొక్కటీ తిప్పి చూసి, స్టెరాయిడ్ ట్యూబు పక్కకి తీసేసింది. గదిలో లైటు ఆర్పి, ఊదారంగు దీపం మెడ మీద వేసింది. అంచుల్లో మచ్చ స్పష్టంగా తేలింది, అంటే నలుపు పైపొరలోనే ఉందట. అది నెలల్లో పోతుంది. మధ్యలో మసగ్గా ఉన్నది లోపలికి దిగినది, దానికి ఏళ్లు కూడా పట్టొచ్చంది.

"గొలుసు తీశావా?" అని అడిగింది. తియ్యలేదు. కొక్కెంలో నికెల్ ఉంటే కొందరికి పడదట. వాపు ఆగకుండా మచ్చకి ఎంత మందు రాసినా చర్మం మళ్లీ మళ్లీ నల్లబడుతూనే ఉంటుందంది. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "పసుపుతాడు కట్టుకో, దానికేం?" అంది. చెమటకి తడిసినప్పుడల్లా మార్చుకునేదాన్ని.

రాత్రి నలుపు తగ్గించే 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీము, శనగగింజంత. మొదటి వారం చీమలు పాకినట్టు చురచుర. డాక్టరమ్మ చెప్పినట్టు రోజు విడిచి రోజు రాస్తే సర్దుకుంది. పగలు సన్‌స్క్రీన్. ఇంట్లో ఉండేదాన్ని, నాకెందుకంటే, "ఎక్కడ కూర్చుని కుడతావు?" అంది. కిటికీకి వీపు పెట్టి, తల వంచి. పొద్దంతా వెలుగు మెడ మీదే! ఎండే కాదు, మామూలు వెలుగు కూడా మా చామనఛాయ వాళ్లకి మచ్చల్ని ముదరబెడుతుందట. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, మట్టిరంగు సన్‌స్క్రీన్ చీటీలో రాసింది. బ్లౌజు మెడకి అంటుకుని ఉతుకు పెరిగిందే అని విసుక్కునేదాన్ని.

మూడు నెలలు ఏమీ తెలియలేదు. మా ఆయన నెలకోసారి ఒకే చోట నిలబెట్టి ఫోటో తీసేవారు, అది లేకపోతే మధ్యలోనే మానేసేదాన్ని. నాలుగో నెల ఫోటోలో అంచులు పలచబడ్డాయి. ఏడాదికి నా రంగు నాకు దాదాపు వచ్చేసింది. కొక్కెం చోట రూపాయి బిళ్లంత నీడ ఇంకా ఉంది. కుట్టుమిషను మాత్రం గోడవైపు జరిపేశాను. ఇప్పుడు వెలుగు సూది మీద పడుతోంది, దారం ఎక్కించడం కూడా తేలికైంది.