ఆ నర్సు చేతిలో కాగితం

పోయినేడాది మిషిగన్‌లో మా ఇంటికొచ్చిన నాన్నకి న్యుమోనియా ముదిరి ఐసీయూలో పెట్టారు. మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి మందులు పంపే సన్నటి గొట్టం) వేస్తుంటే అద్దంలోంచి చూస్తున్నా. డాక్టరు మొదలుపెట్టబోతే, జాగ్రత్తల జాబితా ఉన్న కాగితం పట్టుకుని నిలబడ్డ నర్సు ఆపేశారు. స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) గుడ్డ కాళ్లదాకా కప్పలేదట! ఆయన మారుమాట లేకుండా కప్పించాకే సూది అందుకున్నారు.

ఆ కాగితం కథ ఈ రాష్ట్రంలోనే జరిగిందని తర్వాత తెలిసింది. ఏహెచ్‌ఆర్‌క్యూ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన డబ్బుతో, డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఇక్కడి వందకు పైగా ఐసీయూల్లో ఐదే ఐదు జాగ్రత్తలు పెట్టించింది. చేతులు కడుక్కోవడం, రోగి ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఏది తప్పినా నర్సు ఆపొచ్చు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి: ఏడాదిన్నరలో లైన్ వల్ల రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. అమ్ముకోవడానికేమీ లేని ఇలాంటి పరిశోధనకి ప్రభుత్వం కాక ఇంకెవరు డబ్బు పెడతారు?

నాలుగో రోజు పొద్దున్నే "ఈ లైన్ ఇంకా అవసరమా?" అనుకుని తీసేశారు. నాన్న మెడ తడుముకుని, కాఫీ అడిగారు.