మీటరు మీద జానెడు

కొలకర్ర దించి చూస్తే గుంత లోతు మీటరు మీద జానెడు మాత్రమే ఉంది. “కింద బండ తగిలేసింది బాబూ, ఇంక దిగదు” అన్నాడు మేస్త్రీ, గునపం నేలకు ఆనించి, నేను ఒప్పుకుంటానన్న ధీమాతో.

ఫైబర్ కేబుల్‌కు మామూలు నేలలో 1.65 మీటర్ల లోతు ఉండాలి. బండ వల్ల అంత తవ్వలేని చోట కేబుల్ వెళ్లే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును ఇనుప గొట్టంలోంచి తీసుకెళ్లి, పైన కాంక్రీటు పోయాలి. ఆ గొట్టాలు రేపటికి గాని రావు. పర్లాకిమిడి శివార్లలో ఈ సాయంత్రమే పూడ్చేసినా అడిగే నాథుడు లేడు గానీ, రేపెవరో మంచినీటి పైపు కోసం సరిగ్గా ఇక్కడే గునపం దింపుతారు.

లోతు సరిపోయిన అవతలి ముక్కలో పూడ్చడం మొదలుపెట్టాం. పైపు మీద ముందుగా మెత్తటి మట్టే పడాలని ఎంత చెప్పినా పారలో రాళ్లు వస్తూనే ఉన్నాయి. చివరికి ఒక కుర్రాడు పక్కన ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి ఇసుక జల్లెడ పట్టుకొచ్చాడు. నిజానికి ఆ ఆలోచన నాకు రావలసింది.

బండ దగ్గర గుంతను మూయకుండా, చుట్టూ తాడు కట్టించి, ఎర్రదీపం పెట్టించి వచ్చాను. వాన వస్తుందేమోనని ఇప్పటికి మూడుసార్లు కిటికీలోంచి చూశాను.