మెటా, ప్లస్ నొక్కితే తెర పెద్దది కాలేదు

లినక్స్‌లో డెస్క్‌టాప్ ఎఫెక్టులు అనగానే చాలామందికి కాంపిజ్ అనే ఎఫెక్టుల ప్రోగ్రామ్ రోజులు గుర్తొస్తాయి. తెర ఘనంలా తిరగడం, పట్టుకుని లాగితే విండోలు వణకడం. 2006, 2007 ప్రాంతంలో లినక్స్ వేసుకున్నవాళ్లు పక్కవాళ్లను పిలిచి ముందు చూపించింది అదే. నాకు వాటి మీద మోజు లేదు. నాకు కావలసింది జూమ్ ఒక్కటే. నేను వాడే లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మాలో మెటా కీ (విండోస్ గుర్తున్న కీ) పట్టుకుని ప్లస్ నొక్కితే తెర మొత్తం పెద్దదవుతుంది. తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కోసం పాత పుస్తకాల స్కాన్లు దిద్దుతుంటాను. అరిగిన అచ్చులో అది ధ నో థ నో తేల్చేది మధ్యలో ఉండే ఒక చుక్క. జూమ్ లేకపోతే ఆ చుక్క నా కళ్లకు ఆనదు.

జూమ్ కూడా మిగతా ఎఫెక్టుల్లాగే కేవిన్ చేసే పనే. కేవిన్ అంటే ప్లాస్మాలో విండోలను చూసుకునే ప్రోగ్రామ్. అది ప్రతి విండోనూ విడిగా గీయించుకుని, అన్నిటినీ కలిపి ఒక్క బొమ్మగా తెర మీద పెడుతుంది. దీన్నే కాంపోజిటింగ్ అంటారు. అది ఆగిపోతే నీడలు, పారదర్శకత, ఆల్ట్ ట్యాబ్‌లో కనపడే చిన్న బొమ్మలు, జూమ్, అన్నీ కట్టగట్టుకుని పోతాయి.

నా మెషీన్‌లో ఉన్నది డెబియన్ 12 అనే లినక్స్, ప్లాస్మా 5.27, ఎక్స్11 సెషన్ (తెర మీద విండోలు చూపించే పాత పద్ధతి). గ్రాఫిక్స్ కార్డుకు దాని తయారీదారు ఇచ్చే సొంత డ్రైవర్. మామూలుగా వచ్చే అప్‌డేట్లు వేసి రీబూట్ చేశాను. లాగిన్ అవుతుండగానే తెర బిగుసుకుపోయింది. కీబోర్డు కూడా పలకకపోవడంతో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాను. మళ్లీ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చింది కానీ కళ తప్పి ఉంది. మెనూల చుట్టూ నల్లటి అంచులు, రెండో మానిటర్ చీకటి, విండోను కదిపితే ఈడ్చుకుంటూ వస్తోంది. మెటా, ప్లస్ నొక్కాను. ఏమీ లేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. "ఫార్మాట్ కొట్టేయ్ బాబాయ్, గంటలో అయిపోద్ది" అన్నాడు. "నువ్వొచ్చి కొడతావేంట్రా?" అని పెట్టేశాను. ఇంకో సలహా కూడా తరచూ వినిపిస్తుంది, హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైళ్లన్నీ తీసేయమని. ఏం చెడిందో తెలియకుండా అన్నీ తీసేస్తే, ఏళ్ల తరబడి కుదుర్చుకున్న కీబోర్డు సెట్టింగులు కూడా పోతాయి. నాకది నచ్చదు.

ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్12 కలిపి నొక్కితే ఎక్స్11 సెషన్‌లో కాంపోజిటింగ్ ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. అది చేసినా మార్పు లేదు. అప్పుడు అసలు తెర మీద బొమ్మ గీస్తున్నది ఎవరో చూద్దామనుకున్నాను. మెసా యుటిల్స్ ప్యాకేజీలో జీఎల్ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్ ఉంటుంది. అందులో ఓపెన్‌జీఎల్ (ప్రోగ్రాములు కార్డు చేత బొమ్మ గీయించుకునే పద్ధతి) రెండరర్ అన్న వరుసలో కార్డు పేరు ఉండాలి. నాకు ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని వచ్చింది. అంటే కార్డు ఖాళీగా కూర్చుంది, దాని పని మొత్తం ప్రాసెసర్ మీద పడింది. ఫ్యాన్ ఎందుకంత గోల చేస్తోందో అర్థమైంది.

ఎఫెక్టులు పోయినవాళ్లు ముందు చూడాల్సింది ఈ వరుసనే అని నా అభిప్రాయం. అక్కడ కార్డు పేరు లేకపోతే, ప్లాస్మా సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు.

మెషీన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, అప్‌డేట్‌కు ముందున్న పాత కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) బూట్ చేశాను. కార్డు పేరు కనపడింది, రెండో మానిటర్ కూడా వెలిగింది. హమ్మయ్య అనుకుని మెటా, ప్లస్ నొక్కితే జూమ్ మాత్రం రాలేదు! అప్పుడు పట్టుకుంది టెన్షన్. రోగం ఒకటి కాదు, రెండున్నాయన్నమాట. సరే, ముందు డ్రైవర్ సంగతి చూద్దాం అనుకున్నాను.

ఆ డ్రైవర్ కెర్నెల్‌తో పాటు తయారై రాదు. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దానికి సరిపోయేలా మాడ్యూల్‌ను, అంటే కెర్నెల్‌లో చేరే డ్రైవర్ ముక్కను, మన మెషీన్‌లోనే మళ్లీ కట్టాలి. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనం తనంతట తానే చేస్తుంది, కాకపోతే ఆ కెర్నెల్ హెడర్లు (మాడ్యూల్ కట్టడానికి కావలసిన ఫైళ్లు) దానికి అందుబాటులో ఉండాలి. డీకేఎంఎస్ స్టేటస్ చూస్తే పాత కెర్నెల్ పక్కనే ఇన్‌స్టాల్డ్ అని ఉంది, కొత్తదాని ఊసే లేదు. ఈ మెషీన్‌లో పాత కెర్నెల్ నంబరుకు చెందిన హెడర్లు మాత్రమే ఉన్నాయి. కెర్నెల్‌తో పాటు హెడర్లు కూడా వస్తూ ఉండాలంటే లినక్స్ హెడర్స్ ఏఎమ్‌డీ64 అనే మెటాప్యాకేజీ ఉండాలి. పేరులో ఏఎమ్‌డీ ఉందని కంగారు పడొద్దు, ఇంటెల్ ప్రాసెసర్లకూ అదే. అది వేయగానే కొత్త కెర్నెల్ హెడర్లు దిగాయి, వెనకే డీకేఎంఎస్ మాడ్యూల్ కట్టడం మొదలుపెట్టింది. టీ తాగొచ్చేసరికి అయిపోయింది.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనివాటిని బూట్‌లో ఆపే రక్షణ) ఆన్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడ ఇంకో గడప ఉంటుంది. మాడ్యూల్ కట్టడం పూర్తయినా, దాని మీద సంతకం చేసిన కీ మెషీన్‌లో నమోదై లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో కీని ఇంపోర్ట్ చేసి రీబూట్ చేస్తే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకోవాలి. కొన్ని సెకన్లలో ఏ కీ నొక్కకపోతే అది దాటి వెళ్లిపోతుంది, కాబట్టి కళ్లప్పగించి ఉండాలి. నా మెషీన్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉంది కాబట్టి నాకా బాధ తప్పింది.

కొత్త కెర్నెల్‌తో లేచాక జీఎల్ఎక్స్‌ఇన్ఫోలో కార్డు పేరు వచ్చింది. జూమ్ ఇంకా లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కాంపోజిటర్ పేజీ తెరిచాను. ఓపెన్‌జీఎల్ వల్ల ఇంతకుముందు కేవిన్ క్రాష్ అయిందని ఒక హెచ్చరిక, దాని పక్కన ఓపెన్‌జీఎల్‌ను మళ్లీ పరీక్షించడానికి ఒక బటన్. నొక్కే ముందు కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని కేవిన్‌ఆర్‌సీ ఫైలు తెరిచి చూశాను. కాంపోజిటింగ్ విభాగంలో ఓపెన్‌జీఎల్ ఈజ్ అన్‌సేఫ్ ఈక్వల్స్ ట్రూ అన్న వరుస ఉంది.

ఈ వరుస పనిచేసే తీరు నాకు బాగా నచ్చింది. కేవిన్ ఓపెన్‌జీఎల్‌ను మొదలుపెట్టబోయే ముందే ఆ ఫైల్లో అన్‌సేఫ్ అని రాసుకుంటుంది. క్షేమంగా మొదలైతే ఆ గుర్తు మార్చేస్తుంది. బావిలోకి దిగేవాడు గట్టు మీద చెప్పులు విడిచి దిగినట్టు. తిరిగొస్తే వేసుకుంటాడు. చెప్పులు అక్కడే ఉండిపోతే ఇంకొకరు దిగరు. మొదటిసారి తెర బిగుసుకుపోయి నేను పవర్ తీసేసినప్పుడు కేవిన్ సరిగ్గా ఆ మధ్యలో ఉంది. గుర్తు అలాగే మిగిలింది. ఆ తర్వాత ఏ కెర్నెల్‌తో లేచినా, డ్రైవర్ బాగున్నా బాగోలేకపోయినా, కేవిన్ ఓపెన్‌జీఎల్ జోలికి పోలేదు. పాత కెర్నెల్‌లో కూడా జూమ్ ఎందుకు రాలేదన్న చిక్కు దాంతో విడిపోయింది.

బటన్ నొక్కాను. నల్లటి అంచులు పోయి మెనూల కింద నీడలు వచ్చాయి. మెటా, ప్లస్ నొక్కితే తెర ముందుకొచ్చింది.

ఎక్స్11కు బదులుగా వచ్చిన వేలాండ్ సెషన్ వాడేవాళ్లకు ఈ రెండో రోగం, అంటే అన్‌సేఫ్ గుర్తు సంగతి, వర్తించదు. అక్కడ కాంపోజిటింగ్ ఆపడమనేదే ఉండదు, ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్12 కూడా పనిచేయదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 వేలాండ్‌నే డిఫాల్ట్‌గా తీసుకుంది. డ్రైవర్, హెడర్ల కథ మాత్రం అక్కడా ఇదే.

ఇప్పుడు అప్‌డేట్ల జాబితాలో కెర్నెల్ కనపడితే, రీబూట్ చేయకముందే డీకేఎంఎస్ స్టేటస్ చూస్తున్నాను. కొత్త నంబరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉంటేనే రీస్టార్ట్. లేకపోతే పాత కెర్నెల్ మీదే పని కానిచ్చుకుని, ఆ మాడ్యూల్ సంగతి ఆదివారం చూసుకుంటాను.