అఫిడవిట్ నకలు అడిగినందుకు

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటు వేసి వచ్చాను గానీ, అంతకు రెండు వారాల ముందు ఒక అభ్యర్థి అఫిడవిట్ (ఆస్తులు, కేసుల ప్రమాణపత్రం) నకలు కోసం పడిన అవమానం ఇంకా మింగుడు పడలేదు.

ఈసారి కులాన్నీ, మా ఇంటి వాడుకనూ పక్కన పెట్టి, మా నియోజకవర్గంలో గట్టిగా పోటీలో ఉన్న ముగ్గురినీ నా ప్రశ్నలతోనే తూచాలని అనుకున్నాను. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మెలో ఉండగా, వారి మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించిన నాడు ఈ మనిషి ఎక్కడున్నాడు? కౌలు రైతు గుర్తింపు కార్డు గురించి ఏమంటాడు? ఆడవాళ్లపై దౌర్జన్యం కేసు ఏదైనా ఉందా?

ఫారం 26 అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఫోనులోనే దొరికాయి. మొదటి అభ్యర్థికి కేసులు లేవు, ఆస్తులు మాత్రం పేజీల కొద్దీ ఉన్నాయి. రెండో ఆయనకు ఏడు కేసులున్నాయని చూసి ఉలిక్కిపడ్డాను. తీరా చదివితే అవి అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్లు 143, 341, 188, అంటే గుంపుగా చేరడం, దారికి అడ్డుపడడం, అధికారి ఉత్తర్వును ధిక్కరించడం. అన్నీ ధర్నాల దగ్గర పెట్టినవే. కేసుల సంఖ్య చూసి మనిషిని తీసిపారేసేవారు ఒక్కసారి ఆ సెక్షన్లు కూడా చదివితే బాగుంటుంది. ఇక మూడో ఆయన అఫిడవిట్‌లో సరిగ్గా కేసుల పేజీయే అక్షరం ఆనకుండా మసకబారి ఉంది.

దాని కోసమే రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి వెళ్లాను. అఫిడవిట్లను నోటీసు బోర్డులో పెట్టాలి, అడిగినవారికి నకలు ఇవ్వాలి. బోర్డులో పెట్టారు, నిజమే. తాళం వేసిన అద్దాల వెనుక ఒకదాని మీద ఒకటి గుండుసూదులతో గుచ్చితే మొదటి పేజీలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. బల్ల దగ్గరి ఉద్యోగిని నకలు అడిగితే, ఆయన తల ఎత్తకుండానే "ఏ పార్టీ అమ్మా మీది?" అన్నాడు. ఏ పార్టీ కాదు, ఓటరును అన్నాను. "ఓటరుకు ఇవన్నీ ఎందుకు? మీవారు ఏం చేస్తారు?" అని అడిగి, పక్కనున్న వారి వైపు చూసి నవ్వాడు. అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చి చెప్పిందని అన్నాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పౌరశాస్త్రం చెబుతున్నదాన్ని, ఆ మాట నాకు కంఠతా వచ్చు. "అయితే కోర్టులోనే అడగండి" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. చేతిలో ఓటరు కార్డు పట్టుకుని, అప్పు అడగడానికి వచ్చినదానిలా నిలబడిపోయాను. రెండు గంటల తరువాత, చిరునామా, ఫోన్ నంబరుతో అర్జీ రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. రేపు రమ్మన్నారు.

ఆ సాయంత్రం ఎవరో కుర్రవాడు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "మేడమ్, మా అన్న గురించి ఏవో లెక్కలు తీస్తున్నారట కదా" అన్నాడు. నా నంబరు ఆ అర్జీలో తప్ప ఆ ఊళ్లో ఇంకెక్కడా ఇవ్వలేదు. అందుకని చెబుతున్నాను, అటువంటి చోటికి ఒంటరిగా వెళ్లకండి, అర్జీ ఇస్తే రసీదు లేకుండా కదలకండి.

మర్నాడు మా వీధి అంగన్‌వాడీ టీచర్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాను. సమ్మెలో పోలీసులతోనే వాదించి వచ్చినవారు కనుక వారి గొంతులు వేరుగా ఉంటాయి. పది నిమిషాల్లో నకలు చేతికి వచ్చింది. మసకబారిన ఆ పేజీలో ఉన్నది ఒకే ఒక్క కేసు, సెక్షన్ 354, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే దౌర్జన్యం, విచారణలో ఉంది. నేరం రుజువు కాలేదని నాకూ తెలుసు. ఆయనకు ఓటు వేయడానికి నాకు చేయి రాలేదు, అంతే. అటువంటి కేసుల వివరాలను పత్రికల్లో మూడుసార్లు ప్రకటించాలి; పెళ్లి సంబంధాల ప్రకటనలకైనా ఆ అక్షరాల కంటే పెద్దవి వేస్తారు.

మిగిలిన ఇద్దరినీ ప్రచారంలో కలిశాను. అంగన్‌వాడీ మాట ఎత్తగానే మొదటి ఆయన "మీటింగ్ అయ్యాక మాట్లాడదాం తల్లీ" అన్నారు, మీటింగ్ అయ్యాక కారెక్కి వెళ్లిపోయారు. రెండో ఆయన సమ్మె శిబిరానికి నాలుగుసార్లు వచ్చారని మా టీచర్లే చెప్పారు. అయితే కౌలు కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరన్న 2019 చట్టాన్ని మారుస్తారా అని అడిగితే, "రైతుల్లో భయాలున్నాయమ్మా" అని మాట దాటేశారు. ఆయన అఫిడవిట్‌లో పొలం వివరాలు రెండు పేజీలు నిండాయని చదివి ఉన్నాను కనుక ఆ భయం ఎవరిదో అడగవలసిన పని పడలేదు. అయినా ఓటు ఆయనకే వేశాను.

పోలింగ్ కేంద్రానికి కాస్త దూరంలో, టెంటు కింద ఓటరు స్లిప్పులు వెతికి ఇస్తున్న కుర్రవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నమస్తే మేడమ్, లెక్కలు తేలాయా?" అన్నాడు. అదే గొంతు.