కూడిక రాని యంత్రం

కంప్యూటర్ చరిత్ర మాకు తొమ్మిదో తరగతిలో ఒక మార్కు ప్రశ్నగా మొదలైంది. కంప్యూటర్ పితామహుడెవరు అని అడిగితే చార్లెస్ బాబేజ్ అని రాసి ఆ మార్కు తెచ్చుకునేవాళ్లం. ఆయన తలపెట్టిన యంత్రాల్లో ఒక్కటీ ఆయన బతికుండగా పూర్తి కాలేదనీ, 1840లలో గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్ అనే లెక్కల యంత్రం చిత్రాల ఆధారంగా లండన్ సైన్స్ మ్యూజియం 1991లో దాన్ని తయారుచేస్తే లెక్కలు సరిగ్గానే చేసిందనీ మాకు చెప్పింది పాఠ్యపుస్తకం కాదు, కంప్యూటర్ మాస్టారు.

1946లో లోకానికి పరిచయమైన ఎనియాక్ అనే కంప్యూటర్ పాఠంలో దాన్ని రూపొందించిన ఎకర్ట్, మాక్లీ పేర్లు మాత్రమే ఉండేవి. దానికి ప్రోగ్రాములు సిద్ధం చేసిన ఆరుగురు మహిళల పేర్లను మాస్టారు మా చేత పేజీ అంచున రాయించారు. ఆ యంత్రానికి కొత్త లెక్క అప్పగించాలంటే తీగలు మార్చి, స్విచ్చులు సరిచేయాలి; అందుకు రోజులు పట్టేదట. ప్రోగ్రామును కూడా అంకెల్లాగే జ్ఞాపకంలో దాచుకునే యంత్రం ఎందుకు అవసరమైందో అప్పుడు అర్థమైంది.

అలాంటి యంత్రం 1948 జూన్ 21న మాంచెస్టర్‌లో పనిచేసింది. విలియమ్స్, కిల్‌బర్న్, టూటిల్ నిర్మించిన ఆ 'బేబీ'కి 32 వరుసల జ్ఞాపకం, వరుసకు 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్లు, ఉండేవి. విచిత్రమేమిటంటే దానికి కూడిక రాదు. తీసివేయడం, గుర్తు మార్చడం మాత్రమే వచ్చు. కరెంటు లేని ఒక రోజు మాస్టారు ముగ్గురికి పలకలిచ్చి జ్ఞాపకం వరుసలుగా నిలబెట్టి, నన్ను అక్యుమ్యులేటర్‌ను, అంటే లెక్క జరుగుతూ ఫలితం నిలిచే చోటును, చేశారు. మొదటి పలక మీద 7, రెండో దాని మీద 5 ఉన్నాయి, రెండూ కూడాలి. నేను తడుముకోకుండా పన్నెండు అన్నాను. "నీకు కూడిక తెలియదురా, నువ్వు యంత్రానివి" అన్నారాయన. మళ్లీ మొదలుపెట్టాను. మొదటి పలకను గుర్తు మార్చి తెచ్చుకుంటే -7. అందులోంచి 5 తీసేస్తే -12. దాన్ని మూడో పలక మీద రాయించి, మళ్లీ గుర్తు మార్చి తెచ్చుకుంటే 12. ఒక్క కూడికకు నాలుగు ఆదేశాలు!

కిల్‌బర్న్ రాసిన తొలి ప్రోగ్రాము 2,62,144కు దానికంటే చిన్నదైన అతిపెద్ద భాజకాన్ని వెతికింది. ఒక్కటి తక్కువ నుంచి దిగుతూ వరుసగా ప్రతి సంఖ్యనూ పరీక్షిస్తూ, భాగహారాన్ని కూడా తీసివేతలతోనే నెట్టుకొస్తూ, 52 నిమిషాలకు 1,31,072 అని తేల్చింది. సగమేగా, మేం క్షణంలో చెప్పేవాళ్లం అని గొప్పలు పోయాం. అయితే అదే పద్ధతిలో మూడు నాలుగుల గుణకారం చేసి చూపించమన్నారు మాస్టారు. రెండో కూడిక పూర్తికాకుండానే గంట కొట్టారు.