మెమరీ కార్డు వేసినా ‘స్టోరేజ్ ఫుల్’ అనే ఎందుకంటోంది?

128 జీబీ కార్డు కొని ట్రేలో పెడతారు. వారం తిరక్కుండానే ఫోన్ మళ్లీ అదే పాట: స్టోరేజ్ నిండిపోయింది. కార్డులోకి వెళ్లి చూస్తే అంతా ఖాళీ. కార్డులో లోపం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌కి కార్డు కొత్త గది కాదు, అటక. సామాను దానంతటది అటకెక్కదు, మనమే ఎక్కించాలి. పైగా రోజూ వాడే గిన్నెలు అక్కడ పెడితే వంట సాగదు.

కొనే ముందు ఫోన్‌లో స్లాట్ ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్లకీ పిక్సెల్ ఫోన్లకీ లేదు. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ వరసలో 2021లో వచ్చిన ఎస్21 నుంచి తీసేశారు. స్లాట్ ఉన్న ఫోన్లలోనూ చాలావాటిది హైబ్రిడ్ ట్రే. అంటే రెండో సిమ్మో, కార్డో, ఏదో ఒక్కటే. బ్యాంకు ఓటీపీలు రెండో నంబరుకి వచ్చేవాళ్లు ఈ సంగతి కార్డు కొన్నాక తెలుసుకుని తల పట్టుకుంటారు. ఎంత సైజు కార్డు వరకు పడుతుందో ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో ఉంటుంది.

ఇక కార్డు మీది గుర్తులు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే ‘సెకనుకు 100 ఎంబీ’ చదివే వేగం. రాసే వేగం అంతకంటే బాగా తక్కువ ఉండొచ్చు, దాన్ని పెద్దగా వేయరు. గుండ్రటి గుర్తులో 10 ఉంటే (అదే క్లాస్ 10), కనీసం సెకనుకు 10 ఎంబీ చొప్పున ఆగకుండా రాస్తుందని హామీ. ‘యూ’ అక్షరంలో 3 ఉన్నా, వీ30 అని ఉన్నా ఆ హామీ 30 ఎంబీ. ఫోన్లో తీసే 4కే వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ, అంటే సెకనుకు 6 ఎంబీ. లెక్క ప్రకారం క్లాస్ 10 చాలాలి. కానీ కార్డు నిండేకొద్దీ, పాతబడేకొద్దీ మధ్యమధ్యలో తడబడుతుంది, రికార్డింగ్ తెగిపోతుంది. అందుకే వీడియోలు తీసేవాళ్లు యూ3 గానీ వీ30 గానీ తీసుకోవడం మేలు.

యాప్‌ల సంగతి వేరు. యాప్ పెద్ద ఫైలును ఒక్క బిగిన చదవదు; అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వెతుక్కుంటుంది. దాని కోసమే ఏ1, ఏ2 గుర్తులు. ఏ1 కార్డు సెకనుకు కనీసం 1500 చిన్న చదువులు, 500 చిన్న రాతలు చేయాలి. ఏ2 అయితే 4000, 2000. ఏ2 ఆ వేగం అందుకోవాలంటే ఫోన్ వైపు నుంచి కూడా దానికి తగ్గ మద్దతు ఉండాలి, లేకపోతే అదనంగా పెట్టిన డబ్బు వృథా. ఫొటోలకీ పాటలకీ ఏ1 దండిగా సరిపోతుంది.

128 జీబీ కార్డు ఫోన్‌లో 119 అని కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు, చాలా సాఫ్ట్‌వేర్ల లెక్కలో 107 కోట్ల పైచిలుకు. మోసం అక్కడ లేదు. నాలుగైదు వందలకే 1 టీబీ అని అమ్మేవాటిలో ఉంది. ఆ కార్డు లోపల ఉండేది 8 జీబీయో 16 జీబీయో. కార్డును నడిపే చిప్పు, కంట్రోలర్ చేత మాత్రం 1 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. అసలు చోటు నిండేదాకా అంతా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత పంపిన ఫైళ్లు గాల్లో కలుస్తాయి, లేదా పాతవాటి మీదే పడతాయి. పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, ఫొటో తెరిస్తే బూడిదరంగు పలక. పెళ్లి ఫొటోలు అందులో వేశాక బయటపడితే చేయగలిగిందేమీ లేదు.

కాబట్టి కొత్త కార్డు ఏదైనా ముందు పరీక్షించాల్సిందే. కార్డు రీడర్‌లో పెట్టి, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లోనో మాక్‌లోనో ఎఫ్3 నడపండి. రెండూ ఉచితమే. కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకు 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డు నిండడానికే గంటా ముప్పావు పడుతుంది, చదవడానికి ఇంకొంత. రాత్రి పెట్టేసి పడుకోండి. తప్పు తేలితే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.

ట్రేలో పెట్టేటప్పుడు ఫోన్ ఆపేయండి. పిన్నుతో ట్రే లాగి, బంగారు రంగు కాళ్లు ట్రే మీది బొమ్మలో ఏ వైపుంటే ఆ వైపు ఉండేలా కార్డు పెట్టి, ట్రే సమంగా తోయండి. బిగుసుకుంటే బలవంతం చేయకండి, కార్డు తిరగబడి ఉంటుంది. ఫార్మాట్, అంటే కార్డును తుడిచి వాడకానికి సిద్ధం చేయడం, ఫోన్‌లోనే కొట్టడం మంచిది. 64 జీబీ, ఆపై కార్డులకి సాధారణంగా వచ్చే ఫైళ్లు సర్దే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. పాత ఫ్యాట్32లో ఉండిపోతే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు, 60 జీబీ ఖాళీ ఉన్నా సరే. ‘చోటుంది గానీ సినిమా కాపీ కావడం లేదు’ అనేవాళ్లది చాలాసార్లు ఇదే బాధ.

ఫార్మాట్ సమయంలో కొన్ని ఫోన్లు ఒక ప్రశ్న వేస్తాయి: పోర్టబుల్‌గా (తీసి వేరేచోట కూడా చదువుకునేలా) వాడతారా, ఇంటర్నల్‌గా (ఫోన్ మెమరీలో భాగంగా) వాడతారా? ఇంటర్నల్ పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. మోటోరోలా ఫోన్లలో చూస్తాం, సామ్‌సంగ్ మెనూలో సాధారణంగా కనిపించదు. వినడానికి ఇదే అసలు పరిష్కారంలా ఉంటుంది. నా సలహా మాత్రం వద్దనే. ఇంటర్నల్ చేశాక కార్డు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, ఆ ఒక్క ఫోన్‌కే కట్టుబడిపోతుంది, తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది. కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే ఏమీ చదవదు. ఫోన్ బోర్డు కాలిపోయినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా కార్డులోదంతా పోయినట్టే. వేగమూ అంతంతే: మామూలు కార్డులు డేటా పంపే యూహెచ్‌ఎస్-1 దారికి సెకనుకు 104 ఎంబీ హద్దు, ఫోన్ లోపలి మెమరీ దానికి ఎన్నో రెట్లు పరిగెడుతుంది. 16 జీబీ ఫోన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి ఇంకో దారి లేకపోవచ్చు. 64, 128 జీబీ ఫోన్ ఉన్నవాళ్లు పోర్టబుల్ నొక్కి ముందుకెళ్లండి.

ఇప్పుడు సామాను ఎక్కించే పని. ముందు కెమెరా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లొకేషన్‌ని ఎస్డీ కార్డుకి మార్చండి. పాత ఫొటోలు దీనితో కదలవు. ఇకపై తీసేవే కార్డులో పడతాయి. పాతవాటిని ఫైల్స్ యాప్‌లో ఎంచి ‘మూవ్’ కొట్టాలి. వేలకొద్దీ ఉంటే ఒక్కసారి లాగకుండా మూడు నాలుగు వందల చొప్పున కదపండి. చార్జింగ్ లేక మధ్యలో ఆగిపోతే ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ముఖ్యమైనవైతే ముందు కాపీ చేసి, కార్డులో తెరిచి చూసుకుని, ఆపైనే ఫోన్‌లోవి తీసేయండి. యూట్యూబ్, స్పాటిఫై, ప్రైమ్ వీడియో లాంటివాటిలో డౌన్‌లోడ్లు కార్డుకి పంపే ఆప్షన్ వాటి సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

వాట్సాప్ దగ్గరే చిక్కు. ఫొటోలు, వీడియోలు ఫోన్ మెమరీలోని ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్‌లో, ‘మీడియా’ కింద పెట్టుకుంటుంది. దాన్ని కార్డుకి మార్చే మీట లేదు. మనమే ఫైళ్లు లాగి కార్డులో వేస్తే చాటింగ్‌లో వాటి జాడ పోతుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎంబీ దాటినవీ, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవీ విడిగా చూపిస్తుంది. దాచుకోవాలనుకున్నవి కార్డుకి కాపీ చేసి, మిగతావి అక్కడే తుడిచేయండి. ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపేస్తే శుభోదయం గులాబీలు, దేవుడి పటాలు అడక్కుండా దిగడం మానేస్తాయి. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనితోనే కార్డు అవసరం సగం తీరుతుంది.

యాప్‌లు మార్చడం గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. సెట్టింగ్స్‌లో యాప్ పేరు నొక్కి, స్టోరేజ్‌లో ‘చేంజ్’ కనిపిస్తేనే మారుతుంది, అదీ ఆ యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే. మారినా డేటాలో ఎక్కువ భాగం ఫోన్‌లోనే ఉండిపోతుంది. విడ్జెట్, అలారం, కీబోర్డు లాంటివి కార్డులో ఉంటే రీస్టార్ట్ అయినప్పుడల్లా మొరాయిస్తాయి.

కార్డు తీయాలంటే ముందు స్టోరేజ్ మెనూలో ‘ఎజెక్ట్’ నొక్కండి. రాస్తుండగా లాగేస్తే ఫైళ్ల పట్టిక చెడి, ‘కార్డు పాడైంది, ఫార్మాట్ చేయండి’ అంటుంది. ఆ బటన్ నొక్కకండి. రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌లో ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే పట్టిక చెడినా ఫొటోలు చాలావరకు దొరుకుతాయి, ఫైళ్ల పేర్లు మాత్రం పోతాయి. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్ డిస్కులో దించుకోవాలి. ఇక కార్డులోవి తెరుచుకుంటున్నాయి గానీ కొత్తవి ఎక్కడం లేదు, తుడిచినవి మళ్లీ కనిపిస్తున్నాయి అంటే దాని ఆయుష్షు తీరి కంట్రోలర్ రాయడం మానేసిందని అర్థం. చదవనిస్తున్నప్పుడే అంతా కాపీ చేసుకుని కొత్తది కొనుక్కోండి.