గరాజ్ గోడకు స్కీలు తగిలించుకున్న తీరు: నా అనుభవం

మేము అమెరికాలో, డెన్వర్ శివార్లలో ఉంటాము. చలికాలంలో వీలు కుదిరిన శనివారం తెల్లవారుజామునే ఐ-70 హైవే ఎక్కి, మంచు మీద స్కీయింగ్ చేసే కొండలైన లవ్‌ల్యాండ్‌కో అరాపహో బేసిన్‌కో వెళ్ళి రావడం మా నలుగురికీ ఎంతో ఇష్టం. రెండేళ్ళ క్రితం నవంబరులో, ఏప్రిల్ నుంచి గరాజ్ మూలన చేరవేసి ఉంచిన స్కీలను (మంచు మీద జారడానికి బూట్ల కింద తగిలించుకునే పొడవాటి పలకలు) బయటికి తీసి చూస్తే, ఉక్కు అంచుల పొడవునా నారింజ రంగు తుప్పు పట్టి ఉంది, అడుగుభాగం ఎండిపోయి తెల్లబారింది. విజయవాడలో పెరిగినవాణ్ణి కనుక తుప్పు అంటే తేమగాలి పనేనని అనుకునేవాణ్ణి; తడిబట్ట ఇట్టే ఆరిపోయే డెన్వర్‌లో ఇలా ఎందుకైందో నాకు మొదట అంతుపట్టలేదు.

కారణాన్ని మా ఆవిడ పట్టుకుంది. మంచులో తిరిగి వచ్చిన కారు చక్రాల లోపల పేరుకున్న గడ్డలు రాత్రంతా కరిగి, కాంక్రీటు నేల వాలు వెంబడి సరిగ్గా ఆ మూలకే చేరుతున్నాయి. అవి మామూలు నీళ్ళు కావు. రోడ్డు మీద మంచు కరగడానికి చల్లే మెగ్నీషియం క్లోరైడ్ కలిసిన నీళ్ళు. సీజను పొడవునా అదే మూలన ఆనించే స్కీల తోకలు, అంటే వెనుక కొసలు, ఆ ఉప్పునీటిలో నానుతూ వచ్చాయన్నమాట. కాబట్టి స్కీలు నేలను తాకకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాము.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఇటుక గోడకు మేకు కొట్టిన అలవాటుతో, ప్లాస్టిక్ యాంకర్లు దిగగొట్టి రెండు కొక్కేలు బిగించాను. కానీ ఇక్కడి గోడ పైకి కనిపించేది అర అంగుళం పైచిలుకు మందమున్న జిప్సం పలక మాత్రమే, దాని వెనుక బోలు. బూటును పట్టి ఉంచే బిగింపులతో, అంటే బైండింగులతో కలిపి ఒక జత స్కీలు ఐదారు కిలోల దాకా తూగుతాయి. వారం తిరగకుండానే ఒక కొక్కెం పిడికెడు పిండి రాల్చుకుంటూ ఊడిపడింది, కారు తలుపు గీసుకుపోయింది. పగటిపూట పిల్లలు అదే చోట కూర్చుని బూట్లు విప్పుతారన్న ఆలోచన రాగానే మిగతా కొక్కేన్ని కూడా నేనే పీకేశాను.

బరువు మోసేది గోడ లోపల నిలువుగా ఉండే కర్రలు, అంటే స్టడ్లు. సాధారణంగా వాటి మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాల ఎడం ఉంటుంది, కొన్ని ఇళ్ళలో 24. వాటిని కనిపెట్టడానికి నేను ఒక చిన్న అయస్కాంతాన్ని గోడ మీద నెమ్మదిగా జరిపాను. పలకను స్టడ్డుకు బిగించిన స్క్రూల తలల దగ్గర అది అతుక్కుంది. అలా నాలుగు స్టడ్లకు పెన్సిలు గుర్తులు పెట్టుకున్నాను. స్విచ్ బాక్సుల పైన వైర్లు నిలువుగా వెళతాయి కనుక ఆ భాగాన్ని వదిలేశాను. టూ బై సిక్స్ పేరుతో అమ్మే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, ఐదున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. 6 అడుగుల ముక్కను రసమట్టంతో సరిచూసి అడ్డంగా పెట్టి, స్టడ్డుకు రెండేసి చొప్పున మూడున్నర అంగుళాల లాగ్ స్క్రూలు (రెంచితో బిగించే లావాటి చెక్క స్క్రూలు) బిగించాను. ముందుగా సన్నటి రంధ్రాలు వేసుకోకపోతే కర్ర చీలుతుంది.

ఆ చెక్కకు జతకు రెండు చొప్పున చిలకకొయ్యలు దిగగొట్టాను. మా అమ్మమ్మగారింట్లో చొక్కాలు తగిలించే కొయ్యల్లాగే వీటి కొసలు కాస్త పైకి లేచి ఉండాలి, లేకుంటే స్కీలు జారిపోతాయి. రెండు స్కీల అడుగుభాగాలను కలిపితే, బూటు ఊడినప్పుడు స్కీని ఆపే బ్రేకులు ఒకదానిలో ఒకటి ఇమిడి జత నిలుస్తుంది, పైన ముక్కులు, అంటే ముందు కొసలు, చెరో పక్కకు విచ్చుకుంటాయి. ఆ విచ్చుకున్న చోటే రెండు కొయ్యల మధ్య ఆనుతుంది. మా స్కీలకు అంగుళంన్నర సందు సరిపోయింది. ముక్కు వంపు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది కనుక, ముందు అట్టముక్కకు సందు కత్తిరించి సరిచూసుకోవడం మంచిది. గీతలు పడకుండా కొయ్యలకు పాత సైకిల్ ట్యూబు తొడిగాను. ఆరడుగుల ఎత్తున బిగించినందువల్ల నా 172 సెంటీమీటర్ల స్కీల తోకలు నేలకు దాదాపు 10 అంగుళాల పైన ఆగాయి. పిల్లలకు వేరే చెక్క, నాలుగున్నర అడుగుల ఎత్తులో.

ఆ వసంతంలో తగిలించే ముందు స్కీలను మంచినీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచాను. గ్రీజు కొట్టుకుపోతుందని బైండింగుల మీద నీళ్ళు గట్టిగా చిమ్మలేదు. అంచులను తుప్పు వదిలించే రబ్బరు రాయితో రుద్ది, అడుగుభాగానికీ అంచులకూ కలిపి వ్యాక్స్ (మైనం) మందంగా కరిగించి పోసి, గీకకుండా అలాగే వదిలేశాను. బూట్ల లోపలి లైనర్లు తీసి పూర్తిగా ఆరనిచ్చి, తిరిగి తొడిగి, ప్లాస్టిక్ ఆకారం మారకుండా బకిళ్ళను వదులుగా పెట్టాను. వేసవిలో గరాజ్ కాగిపోతుంది కనుక బూట్లూ హెల్మెట్లూ బేస్‌మెంటు అలమరలో పెట్టాము. చేత పట్టుకునే కర్రలు, అంటే పోల్స్ మాత్రం పట్టీలతో అక్కడే వేలాడుతున్నాయి.

నవంబరులో వ్యాక్స్ గీకి చూస్తే అంచుల మీద ఒక్క తుప్పు చుక్క కూడా లేదు. అయితే తడి స్కీలను తగిలించినప్పుడు వాటి నుంచి కారే నీరు కింద పడుతూనే ఉంది, అందుకని బూట్లు విడిచే రబ్బరు ట్రేను తోకల కింద పరిచాను. ఏటా మొదటి మంచుకు ముందు లాగ్ స్క్రూలను ఒకసారి రెంచితో బిగించి చూస్తున్నాను.